మామయ్య ఎక్కని లిఫ్టు

నేను బాగుచేసిన లిఫ్టును మామయ్య ఎందుకు ఎక్కలేదు? ఈ సందేహం నా పెళ్లికి ముందు పుట్టింది. ఇప్పుడు నా కూతురు కూడా పానా పట్టింది గానీ, ఆ సందేహం మాత్రం నన్ను వదల్లేదు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. నేర్చుకునేవాళ్లు మొదటిసారి సొంతంగా ఉక్కు తాళ్లు మార్చాక, నేర్పినవాడు ఆ లిఫ్టులో ఒంటరిగా పై అంతస్తు దాకా వెళ్లి రావాలి. అదే పరీక్ష, అదే పట్టా. నాకు పని నేర్పింది మా అమ్మ తమ్ముడు. నా వంతు వచ్చిన రోజున ఆయన తలుపు దాకా వచ్చి, మోకాళ్లు పట్టేశాయి, కాస్త నడుస్తానంటూ మెట్లెక్కాడు. మోకాళ్లు పట్టేసినవాడు మెట్లెక్కుతాడా? అడిగే ధైర్యం లేకపోయింది. పని ఉన్నప్పుడు లిఫ్టు ఆపేస్తాం కాబట్టి పైనున్న మోటారు గదికి అందరం మెట్లమీదే వెళ్లేవాళ్లం. ఆయన మిగతా లిఫ్టులైనా ఎక్కుతాడో లేదో నేను గమనించనే లేదు.

అప్పటినుంచీ దేవుణ్ణి తలుచుకోకుండా ఏ లిఫ్టు మీటా నొక్కలేదు. నా చేతిలో ఏ లోపం చూశాడో మామయ్య?

ఈ మధ్య పని నేర్చుకునేవాళ్ల చట్టాన్ని ప్రభుత్వం తిరగరాస్తోంది. ఉన్న చట్టం ఎలా అమలవుతోందో చూడటానికి ఒక అధికారిణి మా షాపుకు వచ్చింది. పాత చట్టంలో పనిగంటలు, భత్యం, సెలవులు అన్నీ ఉన్నాయట. నేర్చుకోవడం పూర్తయిందని ఎవరు చెప్పాలన్నదే లేదట. తాను పూర్తిగా నేర్చుకున్నవాడే ఇంకొకరికి నేర్పాలని కొత్త ముసాయిదా. కాగితాల్లేని పాతవాళ్లకు గురువు మాట చాలు.

"మీ గురువుగారు ఉన్నారా?" అంది.

మామయ్య కాదంటే నా దగ్గర నా కూతురు నేర్చుకున్నదంతా వృథా. అంతకన్నా, ఈ ఊళ్లో నా తాళ్లకు వేలాడుతూ తిరిగే జనం మాటేమిటి?

మర్నాడు మామయ్యను, నేను తాళ్లు మార్చిన ఒక ఎత్తయిన భవనానికి తీసుకొచ్చాను. నా పని చూస్తానన్న అధికారిణి, నా కూతురు కూడా అక్కడికి వచ్చారు. మా ఆనవాయితీ సంగతి విని, అధికారిణి సూటిగా అడిగింది.

"మరి ఈయన లిఫ్టు మీరు ఎక్కారా?"

మామయ్య నేల చూశాడు.

"ఎక్కలేదమ్మా. వాడి పనికి వంకపెట్టేవాడు పుట్టలేదు. తలుపు మూసుకుంటే నాకే ఊపిరాడదు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి మధ్యలో ఇరుక్కుపోయా. లిఫ్టు మేస్త్రీకి లిఫ్టంటే భయమని తెలిస్తే పని ఎవడిస్తాడు?"

"ఈత రాని పడవవాడివన్నమాట తాతయ్యా," అంది నా కూతురు.

నాకు నవ్వు రాలేదు. ఆయన దాచుకున్న భయం ఇన్నాళ్లూ నా ఇంట్లో కాపురం చేసింది. దేవుడు ఇలా ఎందుకు పంచాడో!

గురువుగారి మాట రాసుకున్నాను, ఇక చాలు అంది అధికారిణి. మామయ్య తల అడ్డంగా ఊపాడు. మా పనిలో ఎక్కితేనే లెక్క అంటూ లిఫ్టులోకి నడిచాడు. నేను వెంట వెళ్లబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

తలుపు మూసుకుంది. పైకి కదిలిన తాళ్ల చప్పుడు వింటూ, తెలిసిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా చదివాను. అంకెలు వెలుగుతూ పైకి పోయాయి, ఆగాయి, మళ్లీ దిగాయి.

తలుపు తెరుచుకుంది. మామయ్య లోపల చతికిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. కళ్లు ఇంకా తెరవలేదు.

"నీకు నేనున్న బాకీ తీరిందిరా అల్లుడూ. చెయ్యివ్వు, లేపు."