పరాయివాడిని మోసిన రోజు

నేను ఒక శవపేటికను. ముఖం చిట్లించకండి. మా పేటలో నన్ను ‘పెట్టె’ అంటారు, అదీ గొంతు తగ్గించి. తుఫానుకు విరిగిన పడవ చెక్కలతో వీరాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. మనిషికొక పెట్టె చేయించే స్తోమత ఈ చేపలపేటలో ఎవరికీ లేదు గనుక చర్చి మొత్తానికి నేనొక్కదాన్నే. సమాధుల తోట దాకా నన్ను మోస్తారు, గుడ్డలో చుట్టిన మనిషిని గుంటలోకి దించుతారు, నన్ను ఖాళీగా వెనక్కి తెస్తారు.

చర్చి వెనక గది నా మకాం. పెళ్లికూతురి కంట పడకూడదని పెళ్లిళ్లప్పుడు నా మీద టార్పాలిన్ పట్టా కప్పి, చాపలు, డోలక్కులు పేర్చిపెడతారు. నిత్యజీవం గురించి గొంతు చించుకుని పాడేవాళ్లు కూడా నా దగ్గరికొచ్చేసరికి అడుగు పక్కకు వేస్తారు. నాకు కోపమేమీ లేదు, నవ్వొస్తుందంతే.

ఆ ఏడు నవంబరు తుఫానులో ఓబేదు పడవ తిరిగి రాలేదు. అతని భార్య హెప్సిబాను ఓదార్చాలో, ధైర్యం చెప్పాలో తెలియక ఇరుగుపొరుగు వాళ్లు ఆమెను తప్పించుకు తిరిగారు. ఆమె మాత్రం రోజూ మధ్యాహ్నం ఖాళీ చర్చిలో మోకరించేది. గోడ ఇవతల ఉన్న నాకు ప్రతి మాటా వినిపించేది.

“బతికుంటే తీసుకురా తండ్రీ. లేకపోతే ఆ సంగతైనా చెప్పు. నన్నిట్టా మధ్యలో నిలబెట్టొద్దు.”

జవాబు వచ్చిన జాడ లేదు. ఆమె రోజురోజుకూ చిక్కిపోయింది.

ఇళ్లమీద క్రిస్మస్ స్టార్లు కడుతున్న రోజుల్లో ఒక శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ముఖమంటూ ఏమీ మిగల్లేదు. మీ మనిషే అయితే తీసుకుపొమ్మన్నారు పోలీసులు. నన్ను ఇసుకలోకి మోసుకొచ్చారు. ఓబేదు తల్లి మరియమ్మ ఆ శవం మీద పడి గుండెలు బాదుకుంది.

“నా కొడుకే! పెట్టెలోకెక్కించండయ్యా!”

జెకర్యా పాస్టరుగారు హెప్సిబా వైపు తిరిగారు. “ఏమ్మా, ఓబేదేనా?”

అవునంటే చాలు, ఎదురుచూపు తీరిపోతుంది. అందరూ ఆ మాట కోసమే ఆమె నోటివంక చూస్తున్నారు. చిన్నప్పుడు లంగరు పడి ఓబేదు కుడికాలి చిటికెన వేలు తెగిపోయిందని పేటలో సగం మందికి తెలుసు. అయినా ఒక్కరూ శవం కాళ్లవైపు చూడలేదు. తల్లి అసలే చూడలేదు.

హెప్సిబా వంగి కాళ్లమీది గుడ్డ తొలగించింది. కుడికాలికి అయిదు వేళ్లూ ఉన్నాయి. ఆమె గుడ్డ మళ్లీ కప్పి లేచింది.

“కాదయ్యగారూ. ఈయన మా ఆయన కాదు.”

“కాదని ఏం బావుకుంటావే!” అని మరియమ్మ ఆమె వీపు మీద దబదబా కొట్టింది. ఎవరో, ఏ మతమో, పోలీసులే చూసుకుంటారంటూ మోసేవాళ్లు నన్ను ఖాళీగానే లేపబోయారు. హెప్సిబా నా పిడి పట్టుకుని వదల్లేదు.

“ఆగండన్నా. ఈయన పెళ్లాం గూడా ఏదో ఒడ్డున నాలాగే చూస్తా ఉంటది. మన ప్రభువుని మాత్రం పరాయోళ్ల సమాధిలోనే గదా పెట్టింది? ఈయన్ని మనం పెడదాం. మా ఆయన్ని ఎక్కడో ఎవురో పెట్టే ఉంటారు. ఎవురూ పెట్టకపోయినా, సముద్రంలో ఎక్కడున్నాడో దేవుడికి తెలుసు.”

నా చెక్కలు ఎన్నో ఏడుపులు విన్నాయిగానీ, ఆ చివరి మాటకు కదిలినట్టు దేనికీ కదల్లేదు.

పాస్టరుగారు పోలీసులతో మాట్లాడి ఒప్పించారు. పేరు తెలియని మనిషిని మోసుకెళ్లాను. పేరు పలకాల్సిన చోట పాస్టరుగారు ‘మా సహోదరుడు’ అన్నారు. మొదటి పిడికెడు మట్టి హెప్సిబా వేసింది.

తిరిగొచ్చాక నన్ను సముద్రపు నీళ్లతో కడగాలి. అది చనిపోయినవాళ్ల ఇంటివాళ్ల పని. ఇంటివాళ్లెవరూ లేరు గనుక హెప్సిబా బిందె పట్టుకుంది. దూరంగా కూర్చున్న మరియమ్మ కాసేపటికి లేచొచ్చి రెండో బిందె ముంచింది.

నన్ను ఎండలో ఆరబెట్టారు. హెప్సిబా నా పక్కనే ఇసుకలో కూలబడి, నాకు తల ఆనించి, అట్లాగే నిద్రలోకి జారిపోయింది. పెట్టె పక్కన పడుకోవడమేమిటని ఎవరో ఆమెను తట్టి లేపబోయారు.

మరియమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “లేపమాకండి. తుఫానప్పట్నుంచి నా కోడలు కన్ను మూసింది లేదు.”