గేటు కాసిన రాగితీగ

నేను ఒక కాపర్-టిని. ఇంగ్లీషు టీ అక్షరంలాంటి బుల్లి ప్లాస్టిక్ పుల్లను, దానికి చుట్టిన రాగితీగను. నా పెట్టె మీద మాత్రం ‘గర్భాశయాంతర గర్భనిరోధక సాధనం’ అని అచ్చేశారు. నా ఒంటికంటే నా పేరే పొడవు! నన్ను పేరు పెట్టి అడగడానికి సిగ్గుపడే మనుషులు బిరుదులివ్వడంలో మాత్రం పిసినారితనం చూపరు.

ఫ్యాక్టరీలో నన్ను సీలు వేసి పంపితే మార్కాపురం వైపు ఒక చిన్న ఆసుపత్రికి చేరాను. రైల్వే గేట్‌మ్యాన్ ఇస్రాయేలు భార్య రూతమ్మ అక్కడికే వచ్చింది. రెండు కాన్పులూ ఆపరేషన్లే. కుట్టు గట్టిపడకముందే మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్ భ్రమరాంబ హెచ్చరించింది. రూతమ్మకేమో ఇంకో బిడ్డ కావాలని ఆశ. నా పేరు వినగానే ఏడుపందుకుంది.

“నిరోధమంటే ఇంక బిడ్డలే పుట్టరు గదా డాక్టరమ్మా? నాకొద్దు.”

డాక్టరమ్మకు మాటల పుట్టుక చెప్పడమంటే మహా సరదా.

“నిరోధమంటే సంస్కృతంలో అడ్డుకోవడమమ్మా. ఇంగ్లీషు మాట కాంట్రసెప్షన్. అందులో కాంట్రా అంటే లాటిన్‌లో ఎదురు. ఎదురు నిలబడి ఆపుతుంది, అంతే. తీసేస్తే మళ్లీ కడుపొస్తుంది.”

సంస్కృతం, లాటిన్ రెండూ కలిసినా ఆ ఏడుపు ఆగలేదు. తలుపు దగ్గరున్న ఇస్రాయేలు లోపలికొచ్చాడు.

“ఏమే, నేను గేటేస్తే రోడ్డు పోయిద్దా? రైలు పొయ్యిందాకా ఆపి, తర్వాత ఎత్తుతా. ముందు నువ్వు బతకాల.”

నా పేరుకు ఇంతకంటే మంచి అర్థం నేను మళ్లీ వినలేదు. రూతమ్మ కళ్లు తుడుచుకుని ఒప్పుకుంది. డాక్టరమ్మ నన్ను ఆమె గర్భసంచిలో అమర్చింది.

నేను గుండెకెక్కుతానని ఇరుగుపొరుగు బెదరగొట్టారు. నేనెక్కడికీ కదల్లేదు. మొదట్లో నొప్పి పుట్టినప్పుడల్లా రూతమ్మ తిట్టేది, పడ్డాను. ఆ తల్లి ప్రాణం నా కాపలాలో ఉందన్న గర్వం ముందు తిట్లొక లెక్కా?

రూతమ్మ రెండో బిడ్డ బడిలో చేరాక, కుట్టు గట్టిపడిందని డాక్టరమ్మ నన్ను తీసేసింది.

“ఇంతేనా! ఇంత పుల్లకా నేనేడ్చింది?” అంది రూతమ్మ. డాక్టరమ్మ నన్ను శుభ్రం చేసి, పదిమందికీ చూపించడానికి గాజు సీసాలో పెట్టి మూత బిగించింది.

మొన్న ఒక బాలింత సీసాలోని నన్ను చూసి జంకింది. “ఇది పెట్టిచ్చుకుంటే మళ్లీ బిడ్డలు పుడతారా అక్కా?” అని పక్కనున్నామెను అడిగింది.

ఆ పక్కనున్నది రూతమ్మే. టీకా వేయించడానికి వచ్చింది. చంకలోని పసివాణ్ణి తీసి ఆ బాలింత ఒళ్లో పెట్టింది.

“గేటెత్తినాక వచ్చిన మొదటి బండి ఈడే” అంది.