ఏడాకుల కొమ్మ

ఇందులో తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ నిండడానికి మూడు పూటలు పడుతుంది. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగిపోతే లేచి వెళ్తాను, వచ్చేసరికి ఎక్కడ ఆపానో మర్చిపోతాను. "నేను" అని మొదలుపెట్టబోతే సిగ్గేసింది. అందుకని "ఆమె" అని రాసుకుంటూ పోయాను.

బసవమ్మ రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు ముంతలో పట్టి, కుడితి తొట్టిలో పొయ్యకుండా, నూతి పక్కనున్న గులాబి మొదట్లో పోసేది. వేపపుల్ల నములుతూ అటూ ఇటూ తిరిగే మరిది దశరథరామయ్య రోజూ ఒకే మాట అనేవాడు.

"గేదె నోరు కొట్టి ముళ్లచెట్టుకి పోస్తున్నావా వదినా?"

బసవమ్మ ముంత బోర్లించి లోపలికి వెళ్లిపోయేది. ఇల్లు జగ్గయ్యపేటలో, ముందు గదిలో ఎరువుల కొట్టు, వెనక పెరడు. భర్త రత్తయ్య ఉన్నంతకాలం కొట్టు ఆయనది, ఆయన పోయాక తమ్ముడు దశరథరామయ్యది. పిల్లలు లేని బసవమ్మ మాత్రం రెండు కాలాల్లోనూ వంటింటిదే. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో పదిమందికి వండింది. కూర బాగుంటే ఎవరూ ఏమీ అనరు, ఉప్పు తగ్గితే మాత్రం అందరికీ ఆమె పేరు గుర్తొస్తుంది.

గులాబిని తెచ్చుకున్నది డెబ్బై ఏడులో, రత్తయ్య పోయిన మరుసటి ఏడు. పన్ను పీకించుకోవడానికి నందిగామ వెళ్లి, బస్టాండులో బుగ్గ పట్టుకుని కూర్చుంది. కడియం నుంచి మొక్కలు తెచ్చి అమ్మే మనిషి ఎదురుగా బండి ఆపాడు. ఒక మొక్కకి ఒకటే పువ్వు, ఎర్రగా, అరచేతికి నిండుగా. ఊరికే వంగి వాసన చూసింది. దోరజామపండు కొరికినట్టుంది మొదట, ఆ అడుగున తేనె, ఇంకా అడుగున పేరు తెలియనిదేదో. పన్ను నొప్పి కాసేపు ఎటో పోయింది.

"హైబ్రిడ్ టీ అంటారమ్మా దీన్ని," అన్నాడతను.

"టీలో వేసుకుంటారా నాయనా?"

అతను నవ్వి, మొక్కతో పాటు పదహారు పేజీల చిన్న పుస్తకం కూడా చేతిలో పెట్టాడు. ఎలా పెంచాలో అంతా అందులో ఉందన్నాడు.

ఇంటికి వచ్చాక తోడికోడలు సుబ్బమ్మ మొక్కనీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. "పూలు పెట్టుకోకూడని మనిషివి, నీకెందుకక్కా ఇది?" సుబ్బమ్మ మనసులో విషం లేదు. ఊళ్లో అందరూ అనేదే అంది.

"తల్లో పెట్టుకోవద్దన్నారు. ముక్కుకి ఎవరూ ఏమీ చెప్పలేదుగా," అంది బసవమ్మ.

పుస్తకం మరిదికి ఇచ్చి, ఏముందో చదివి చెప్పమంది. అతను కొట్లో కూర్చుని, బొటనవేలితో పేజీలు గబగబా తిప్పి, వెనక్కి ఇచ్చేశాడు. "నీళ్లు పొయ్యమనుంది వదినా. అంతే."

అంతే కాబోలనుకుని నీళ్లు పోసింది. నాటినప్పుడున్న ఆ ఒక్క పువ్వు రాలిపోయాక మొక్క మొదట్లోంచి కొత్త కొమ్మ లేచింది. ఏం కొమ్మ అది! నెల తిరిగేసరికి నడుమెత్తు, ఆరు నెలలకి నూతి గిలక అందుకుంది. పచ్చగా, పొగరుగా, ఒళ్లంతా ముళ్లతో. పక్కనున్న పాత కొమ్మ మాత్రం సన్నగా, పసుపుపచ్చగా దాని నీడలో ఒదిగిపోయింది. వచ్చినవాళ్లంతా పెద్ద కొమ్మనే మెచ్చుకున్నారు. "పెరిగితే ఇట్టా పెరగాలి" అని దశరథరామయ్య కూడా అన్నాడు. బసవమ్మ దానికి కర్ర పాతి తాడు కట్టింది, పేడ ఎరువు వేసింది. రెండేళ్లు. ఒక్క మొగ్గ లేదు.

డెబ్బై తొమ్మిది దసరా వెళ్లాక దశరథరామయ్య భోజనాల దగ్గర చెప్పేశాడు. "ధనుర్మాసం వెళ్లగానే మేస్త్రీని పిలుస్తున్నా. నూతి పక్కన షెడ్డు వేస్తే ఎరువు బస్తాలు తడవకుండా ఉంటాయి. పూయని చెట్టు ఉంటే ఎంత, పోతే ఎంత?"

బసవమ్మ అతని విస్తట్లో మజ్జిగ పోస్తోంది. చెయ్యి ఆగలేదు. పూయని చెట్టు. ఆ మాట తనని చూసి అన్నది కాదని తెలుసు. ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్లలో తను అడిగి తెచ్చుకున్నది ఏదని వెతికితే ఆ మొక్క ఒక్కటే కనపడింది. చీర వాళ్లు తెచ్చిందే, గాజులు వాళ్లు తొడిగినవే, తీయించినవే. వంటకి కూర కూడా వాళ్లు తెచ్చిందే. ఇది మాత్రం తను వంగి వాసన చూసి, తన నోటితో బేరమాడి తెచ్చుకుంది.

అప్పటికి నాలుగు నెలలుగా మధ్యాహ్నం పూట బసవమ్మ వీధి చివర జయమణి టీచరు ఇంటి వరండాలో కూర్చుంటోంది. అప్పట్లో వయోజన విద్య అని పెద్దవాళ్లకి చదువు చెప్పేవారు. ఎనిమిదిమంది ఆడవాళ్లు, అందరి మోకాళ్ల మీదా పలకలు. "పుణ్యం కోసం వెళ్తోందిలే, భజనకి బదులు" అని మరిది కొట్లో వాళ్లతో అంటే అందరూ నవ్వేవారు. ఆమెకి అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, ఒత్తులతో పోట్లాట నడుస్తోంది.

షెడ్డు మాట విన్న మర్నాడు ఆ గులాబి పుస్తకం పట్టుకెళ్లింది. "చదివి పెట్టండి టీచరుగారూ."

జయమణి పుస్తకం ముట్టుకోలేదు. "మీరు చదవండి, నేను వింటా. తొందరేం లేదు, నాకు పొయ్యి మీద ఏమీ లేదు."

తొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది పదకొండో పేజీకి రావడానికి. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటనీ గింజ ఒలిచినట్టు ఒలుచుకుంటూ చదివింది. "అంటు కట్టిన చోటుకు దిగువ నుండి పుట్టు కొమ్మలకు సాధారణముగా ఏడేసి ఆకులుండును. అవి అడవి గులాబివి. పూలు పూయు కొమ్మకు అయిదేసి ఆకులుండును. అడవి కొమ్మను వెంటనే మొదలంటా తీసివేయవలెను. లేనిచో అసలు మొక్క క్షీణించును."

మళ్లీ చదివింది. లేచి, చెప్పులు కూడా మర్చిపోయి ఇంటికి నడిచింది. పెద్ద కొమ్మ రెమ్మ ఒకటి పట్టుకుని లెక్కపెట్టింది. ఏడు. ఇంకో రెమ్మ, ఏడు. నీడలో చిటికెనవేలంత కొమ్మని పక్కకి తీసి చూసింది. అయిదు.

పదహారు పేజీలు. మరిది చెప్పింది ఒక్క ముక్క. కోపం వచ్చిందా అంటే వచ్చింది, కానీ దాని వెనకే నవ్వు వచ్చింది. రెండేళ్లు కర్ర పాతి, తాడు కట్టి, బియ్యం నీళ్లు పోసి తను పెంచింది పొగరుని.

కత్తిపీట తెచ్చి మొదలంటా కోసింది. కోశాక దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు. అదీ బతకాలనే కదా పెరిగింది, ఇంకొకరి నెత్తిన కాకుండా దానికో చోటుంటే పోలేదా అనుకుని ఒక ముక్క తీసుకెళ్లి దొడ్డి గోడ పక్కన గుచ్చింది. సన్న కొమ్మని పుస్తకంలో చెప్పినట్టు మొగ్గకి పైన ఏటవాలుగా కత్తిరించింది. యాభై రోజులకి పూస్తుందని ఉంది. వంటింటి గోడ మీద రోజుకో బొగ్గుగీత గీసింది.

"ఏంటొదినా, పచ్చని కొమ్మ నరికి పుల్ల మిగిల్చావు. ఆమాత్రం తెలీదా?" అన్నాడు దశరథరామయ్య.

"తెలిసే," అంది.

నలభై ఆరో గీతకి మొగ్గ ఎర్రబడింది. నలభై తొమ్మిదో పొద్దున బసవమ్మ ముంతతో వెళ్లేసరికి వాసన నూతి దాకా ఎదురొచ్చింది. ధనుర్మాసం ముగ్గులో చెయ్యి ఉన్న సుబ్బమ్మ కూడా లేచి వచ్చింది.

"దేవుడికి కొయ్యనా అక్కా?"

"ఉండనీ. ఆయనే వచ్చి చూసిపోతాడు."

సుబ్బమ్మ నవ్వి, చేతులు వెనక్కి కట్టుకుని ముక్కు పువ్వులో పెట్టేసింది.

ధనుర్మాసం వెళ్లిన వారానికి దశరథరామయ్య మేస్త్రీ సాంబయ్యని తీసుకుని పెరట్లోకి వచ్చాడు. అప్పటికి మూడు పూలు. కొలతతాడు పట్టుకున్న సాంబయ్య వాసనకి తల తిప్పి చూస్తూ నిలబడ్డాడు. దశరథరామయ్య కూడా వంగి చూసి, తేరుకుని, "చూశావా వదినా, నీళ్లు పోస్తే చాలని ఆనాడే చెప్పా," అన్నాడు.

బసవమ్మ లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. "పదకొండో పేజీ చదువు అబ్బాయ్."

"కళ్లజోడు కొట్లో ఉంది వదినా."

"అయితే నేను చదువుతా, వినండి."

నెత్తి మీద ఎండ. ఆమె వేలు పెట్టి మొదలుపెట్టింది. కావాలని నెమ్మదిగా చదవలేదు, ఆమె చదువే అంత. "అం... టు... కట్టిన..." దశరథరామయ్య ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. మధ్యలో మాట అందివ్వబోతే, "ఆగు, నేనే చెప్తా," అంది. క్షీణించును దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్లి వచ్చింది. పూర్తయ్యేసరికి సాంబయ్య కొలతతాడు చుట్టేసి చంకలో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో ఉన్నదీ ఏడాకులదేనమ్మా. ఎప్పుడు పూస్తుందా అని రోజూ దణ్ణం పెడుతుంది మా ఆడది," అన్నాడు. తర్వాత దశరథరామయ్యతో, "షెడ్డు ఆ దొడ్డి గోడకి ఆనించుకుందామండి. ఇటు కన్నా అదే మేలు, గోడ ఖర్చు కలిసొస్తది."

దశరథరామయ్య పువ్వు వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు. "సరే, అట్టాగే కానీ," అని కొట్లోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బసవమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. అడుగున అక్క రాసిన ఉత్తరాలున్నాయి. అక్క పున్నమ్మ కర్ణాటకలో సింధనూరు దగ్గర, మనవైపు రైతులు వెళ్లి కట్టుకున్న క్యాంపులో పొలం కొనుక్కుని స్థిరపడింది. ఆమెని మూడో తరగతి దాకా చదివించారు, ఆ వయసుకి బసవమ్మని గేదెల వెంట పంపారు. ఉత్తరం వచ్చినప్పుడల్లా రత్తయ్య విప్పి, కళ్లతో చదువుకుని, "అంతా క్షేమమేనంట" అని మడిచి ఇచ్చేవాడు. జవాబూ ఆయనే రాసేవాడు, ఇక్కడ అంతా క్షేమమని.

చేతికి తగిలిన ఒక ఉత్తరం విప్పింది. నాలుగో పక్క కూడా నిండుగా ఉంది. సగం దాకా వచ్చేసరికి రత్తయ్యని పిలిచి ఇలా ఉంది. "మరిదిగారూ, ఈ ముక్క దాటెయ్యకుండా మా చెల్లికి చదివి పెట్టండి. బసవా, నువ్వు పగలబడి నవ్వి ఎన్నేళ్లయిందే?"

ఆ ఉత్తరం అరవై రెండులోది. బసవమ్మ గట్టిగా, సుబ్బమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వింది. తర్వాత కార్డు సరిపోదని కవరు తెప్పించి, రెండు ఎర్రటి రేకులు లోపల పెట్టి, పదిహేడేళ్ల నాటి ప్రశ్నకి జవాబు రాసింది. "అక్కా, ఇవాళే."

దొడ్డి గోడ పక్కన గుచ్చిన అడవి కొమ్మ ఇప్పుడు షెడ్డు కప్పు మీదికి పాకి, చైత్రంలో గుత్తులు గుత్తులుగా చిన్న తెల్లపూలు పూస్తోంది. దాని పువ్వు అది పూసుకుంటోంది. ఇంక సిగ్గెందుకు, పేరు రాసేస్తాను.

నేను, బసవమ్మ. వయసు అరవై మూడు. ఉంటున్నది జగ్గయ్యపేటలోనే, ఎరువుల కొట్టు వెనక పెరట్లో. ఉత్తరాలు వస్తే నేనే చదువుకుంటాను.