కొట్టేసిన వాక్యం

"రోజంతా బూజు చూసి జీతం తెచ్చుకుంటావు, ఇంట్లో బ్రెడ్డుకి పట్టిన బూజు మాత్రం నీకు కనపడదు" అన్నాడు మా ఆయన పొద్దున్నే. అత్తగారు నవ్వారు. ఆ ప్యాకెట్టు విప్పి, మూతి కట్టకుండా వదిలేసింది ఆయనే. నేను ప్యాకెట్టంతా పారేస్తే, దుబారా అన్నారు. పిల్లకు జడ వేసి ల్యాబుకి పరిగెత్తాను.

ల్యాబులో నా పని నిజంగా అదే. కీమో తీసుకుంటున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు, ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి అడుగంటినవాళ్లు. వాళ్ల ఒంట్లోంచి తీసిన కండముక్కలో శిలీంధ్రం ఉందేమో చూడాలి. మనం రోజూ పీల్చే బూజే. మనల్నేమీ చేయదు, వాళ్లను వారంలో తినేస్తుంది.

పోయిన నెల రక్త క్యాన్సరున్న ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్లు. ముక్కులోంచి తీసిన ముక్కలో వెడల్పాటి దారాలు చూసి, రిపోర్టులో శిలీంధ్రమని రాశాను. మా పెద్ద డాక్టరు మైక్రోస్కోపు దగ్గరికైనా రాలేదు. "గాల్లోంచి పడుంటుందమ్మా, లేకపోతే నీ వంటింట్లోంచి వచ్చుంటుంది. కల్చరు రానీ" అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వి, రాసిన వాక్యం కొట్టేశాను. నాలుగో రోజుకి, కల్చరు కోసం ఆ ముక్క వేసి పెట్టిన ప్లేటులో మూతదాకా బూజు పెరిగింది. అప్పటికి ఆ అమ్మాయి లేదు.

ఇంటికొచ్చి ఏడిస్తే, నువ్వేమైనా డాక్టరువా, నీకెందుకా గోల అన్నాడు మా ఆయన. భోజనం చల్లారిపోతోందని అత్తగారు గుర్తు చేశారు. తలొంచుకుని వడ్డించాను. వంటింట్లోంచి నేను ల్యాబుకి మోసుకెళ్లింది ఈ తలొంచుకోవడమే అని అప్పుడు తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇవాళ వచ్చింది కిడ్నీ మార్పిడి జరిగిన ఒక టైలరమ్మ ముక్క. అంగిలి నల్లబడిందట. స్లయిడు మీద అవే దారాలు. పెద్ద డాక్టరుకి ఫోను చేస్తే, మళ్లీ మొదలెట్టావా, రేపొచ్చి చూస్తానన్నారు. ఆయన సంతకం లేకుండా ఏ ఫలితమూ బయటికి పోకూడదు, పోతే ఉద్యోగం పోతుంది. మిగిలిన ముక్కతో ఇంకో స్లయిడు చేశాను. అందులోనూ అవే.

వార్డుకి ఫోను చేశాను. సారుతో చెప్పించండి అన్నాడు డ్యూటీ డాక్టరు.

"సారు చూడలేదు, నేను చూశాను. ఇది శిలీంధ్రమే. మందు ఇప్పుడే మొదలుపెట్టండి, సర్జన్‌ని పిలవండి. చెప్పింది నేనని రాసుకోండి."

నా పేరు చెప్పాను. సరిగ్గా రాశాడో లేదో చదివించుకున్నాను. పోయిన నెల ఆ అమ్మాయికి చేయాల్సిన ఫోను ఇది.