తొమ్మిది నల్లగీతలు

ఆరేళ్లు కష్టపడి రాసిన తొమ్మిది పరిశోధన పత్రాలూ నా దరఖాస్తులో తొమ్మిది నల్లగీతలై కూర్చున్నాయి. నౌకాదళం రేడియోల మీద పని మరి. పత్రాల పేర్లు కూడా బయటికి పొక్కకూడదని సెక్యూరిటీ ఆఫీసు వాళ్లు మసి పూసి పంపారు. ఈసారి పర్మనెంట్ కాకపోతే దక్షిణ కొరియా దేజాన్‌లోని మా యూనివర్సిటీ నన్ను ఇంటికి పంపేస్తుంది.

కమిటీలో అయిదుగురున్నారు. నా పని తెలిసినవారు ఒక్కరే, నాకు చదువు చెప్పిన ప్యో గురువుగారు. ఆయన కూడా తెలియనట్టే కూర్చోవాలి. డీన్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇన్నేళ్లూ ఏం చేశారమ్మా అని అడిగాడు. చెప్పకూడదండీ అన్నాను. పక్కాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు ఏడుపొచ్చింది.

గురువుగారు తలెత్తకుండానే అన్నారు: "పోయిన వసంతం విన్యాసాల్లో మన ఓడల మధ్య ఒక్క మాటా తెగలేదు. అది ఈ అమ్మాయి పనే."

సాయంత్రానికి నా ఉద్యోగం పర్మనెంటైంది.

సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఎవరైనా రహస్యం బయటపెడితే, విన్నవాళ్లు ఒక్క రోజులోగా ఫిర్యాదు రాయాలి. ఈ పనిలో చేరేటప్పుడు అందరం సంతకం పెట్టిన రూలే. రాస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు. రాయకపోతే నేనూ దోషినే. ఫారం తెరుస్తాను, ఆయన పేరు దగ్గర చెయ్యి ఆగిపోతుంది, మూసేస్తాను. అలాగే గడువు దాటిపోయింది.

మర్నాడు సాయంత్రం గురువుగారు క్యాంటీన్‌లో సోయా పులుసు గిన్నెతో నా ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వు ఫిర్యాదు ఎన్నింటికి పంపావు?"

నేను మంచినీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నాను.

"నా మీద నేను నిన్ననే రాసుకున్నాను. విన్నవాళ్లలో నీ పేరూ వేశాను."

"నేను రాయలేదు గురువుగారూ. మీ మీద ఎలా రాస్తాను?"

ఆయన చెంచా కింద పెట్టేశారు. "నువ్వు రాస్తావన్న ధైర్యంతోనే కదమ్మా నోరు విప్పాను. నేనంటే రేపోమాపో రిటైరయ్యేవాణ్ణి. నీ సంగతేమిటి?"

నా ఫోను మోగింది. సెక్యూరిటీ ఆఫీసు. జరిగింది జరిగినట్టు చెప్పు, నన్ను కాపాడాలని చూడకు అన్నారాయన.

ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నిన్నంతా నేను కాపాడింది ఆయన్నో, నా ఉద్యోగాన్నో, నాకే తెలియడం లేదు.