నా భుజాల కొలత

ఒక పొయ్యి మీద పాలు, రెండో పొయ్యి మీద మైదా జిగురు. జిగురు ఉండకట్టకుండా గరిటెతో తిప్పుతూనే ఉండాలి. "ఏది వంటో ఏది జిగురో తెలియకుండా పోయింది ఈ ఇంట్లో" అంది అత్తగారు, తాగిన గ్లాసు నా పక్కన పెడుతూ.

ఏట్లో చెత్త పోయొద్దని మా వీధుల వాళ్లు ఏడాదికోసారి ఊరేగింపు చేస్తారు. దానికి పెద్ద బొమ్మ చేసేది నేనే, నాలుగేళ్లుగా. వెదురు బద్దలతో గూడు కట్టి, పాత పేపర్లు పొరలుపొరలుగా అతికించి, ఆరాక రంగులేస్తాను. ఈసారి బొమ్మ మా ఏరే, పన్నెండడుగుల ముసలమ్మ రూపంలో. లోపల ఒక మనిషి దూరి, పట్టీలు భుజాలకు తగిలించుకుని మోస్తూ నడవాలి. బొమ్మ పొట్ట దగ్గర చిన్న వలగుడ్డ కిటికీ ఉంటుంది. మోసే మనిషికి దారి అందులోంచే కనిపిస్తుంది. ఆ మనిషి ఎప్పుడూ మా ఆయనే. ఊరేగింపు అయ్యాక అందరూ ఆయన భుజం తడతారు. మొదటి ఏడాది నేను మోస్తానంటే "అతికించడం వేరు, మోయడం వేరు" అన్నారాయన. చంకలో పిల్లతో, రెండు చేతుల్లో సంచులతో బజారు నుంచి నడిచి వస్తున్నప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది.

పట్టీలు, కిటికీ మోసేవాళ్ల ఒంటికి సరిపోవాలి. కొలత ఇమ్మని ఆయన్ని మూడు రోజులు అడిగాను. "ఫోన్ చూస్తున్నా కదా. ఇన్నేళ్లుగా చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?" నాలుగోరోజు అడగలేదు. బరువు ఎటు లాగుతోందో చూద్దామని నేనే లోపలికి దూరాను. పట్టీలు నా భుజాల మీద కుదురుగా కూర్చున్నాయి. వాకిలి, గేటు, వీధి అన్నీ కనిపించాయి. కాసేపు అలాగే నిలబడ్డాను. బయటికొచ్చి, కిటికీని నా కళ్ల ఎత్తులోనే కుట్టేశాను. కుడుతున్నంతసేపూ ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

ఊరేగింపు రోజు పొద్దున ఆయన వాకిట్లో బొమ్మలోకి దూరారు. నాకంటే తలెత్తు పొడుగు మనిషి. "ఇదేంటే, కిటికీ నా గడ్డం కిందుంది. పైన ఇంకో కన్నం కొయ్యి."

"అక్కడ బద్ద ఉంది. కోస్తే బొమ్మ తల నిలవదు."

"ఒక్క పనీ సరిగ్గా చెయ్యవు. పొరపాటైందని ఒప్పుకో."

మామూలుగా అయితే ఒప్పుకునేదాన్ని. చేయని పొరపాట్లు కూడా ఎన్నో ఒప్పుకున్నాను, మాట అక్కడితో ఆగుతుందని.

"పొరపాటు కాదండీ. నా కొలతకే కట్టాను."

"ఆడది మోస్తే నలుగురూ ఏమనుకుంటారే?" అంది అత్తగారు.

"బొమ్మా ఆడదేగా అత్తయ్యా."

ఆవిడకి నవ్వొచ్చినట్టుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన బయటికొచ్చారు. నేను లోపలికి దూరి పట్టీలు బిగించుకున్నాను. "మరి మధ్యాహ్నం వంట? పిల్ల ఏడిస్తే?" ఆయన గొంతు కాగితం అవతల నుంచి వినిపించింది.

గడప దాటే ముందు ఎక్కడికెళ్తున్నానో, ఎప్పుడొస్తానో, ఏ గిన్నెలో ఏముందో చెప్పి వెళ్లడం పెళ్లైనప్పటి నుంచీ నాకు అలవాటు. ఆ రోజు ముసలమ్మ తల బట్టల తీగకు తగలకుండా నడుం వంచి, ఏమీ చెప్పకుండా వీధిలోకి నడిచాను.