తడి లేని చేతులు

కుళాయి కట్టేసి చేతులమ్మ తువ్వాలు అందుకుంది. ముందు అరచేతులు, తరువాత మణికట్లు, ఆ పైన ఒక్కో వేలూ, వేలికీ వేలికీ మధ్య సందూ. పసిపిల్లకు నీళ్ళు పోశాక చెవి వెనక తడి ఒత్తే తల్లిలా ఓపిగ్గా ఒత్తుకుంది. చివరికి చూపుడువేలి కొసను చెంపకు ఆనించి చూసుకుంది. చల్లగా తగల్లేదు. అప్పుడు గాని వలషెడ్డు తలుపు తియ్యలేదు.

"పెళ్ళికూతురి ముస్తాబుకైనా ఇంతసేపు పట్టదమ్మా," కుండీల్లోకి మట్టి ఎత్తుతూ తోటమాలి అన్నాడు.

"నేను పెళ్ళిపెద్దనన్నా. ఆలస్యం నాకు చెల్లుతుంది."

లోపల తీగెలు తీగెల మీదే పడి పైకి పాకి ఉన్నాయి. ఆకు కొసలు ఉంగరాలు తిరిగి, దొరికిన కమ్మీనల్లా పట్టుకున్నాయి. కింది కొమ్మలకు కాయలు ఎండుతున్నాయి, పై కొమ్మలకు చివరి పూలు మండుతున్నాయి. అగ్నిశిఖ అని ఎవరు పేరు పెట్టారో గాని కళ్ళున్నవాళ్ళే పెట్టారు. రేకులన్నీ వెనక్కి విరుచుకుని, అడుగున పసుపు, కొసన ఎరుపు, అచ్చం గాలికి లేచిన మంట. పుప్పొడి మోసే కాడలు గొడుగు ఊచల్లా చుట్టూ చాచుకుని ఉంటాయి. పిందె నుంచి వచ్చే కాడ మాత్రం అలిగిన ఆడపడుచులా అడ్డంగా పక్కకు తిరిగిపోతుంది. ఆ రెంటికీ సయోధ్య కుదర్చాలంటే ఎవరో ఒకరు మధ్యకు రావాలి. బయటైతే సీతాకోకచిలుకలు వస్తాయి. పురుగు రాకుండా కట్టిన వల వాటినీ రానివ్వదు. అందుకని ఇక్కడ ఆ కొలువు చేతులమ్మది.

ఆమె వేలికొసతో పుప్పొడి తీసి, పక్క తీగె మీది పువ్వుకు, ఆ అలిగిన కాడ చివర, నిద్రపోయే బిడ్డకు బొట్టు పెట్టినంత మెత్తగా అద్దింది. గుర్తుగా తెల్లదారం కట్టింది. బయటికి వచ్చి కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ లోపలికి.

భర్త చనిపోయిన ఏడు, చంకలో బిడ్డతో ఈ పరిశోధన తోటలో కుండీలు నింపే పనికి చేరింది. చేరిన రోజే చెప్పారు, ఈ మొక్క దుంప నుంచి గింజ దాకా విషమని. ఆ సాయంత్రం బిడ్డను ఎత్తుకునే ముందు వేళ్ళు ముడతలు పడేదాకా కడుక్కుంది. బిడ్డ పెరిగి పెళ్ళై వెళ్ళినా ఆ కడుగుడు పోలేదు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ చేతులమ్మే.

ఆ విషం కోసమే ఎదుటి మేడలో డాక్టరమ్మ పనిచేస్తోంది. వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. గింజల సారం తీసి గాజు పళ్ళేల్లో క్యాన్సరు కణాల మీద వేస్తే అవి రెండు నాలుగు కావడం మానేస్తున్నాయట. కావలసిందల్లా గింజలు. అవే రాలేదు. నిరుడు షెడ్డు నిండా పూసింది, చేతులమ్మ ఒక్క పువ్వునీ వదల్లేదు, అయినా కాయలన్నీ తాలు. ఎరువు మార్చారు, మట్టి మార్చారు. ఒకరోజు డాక్టరమ్మ వచ్చి పక్కనే కూర్చుని చూసింది.

"పువ్వుకీ పువ్వుకీ మధ్య చేతులు కడుగుతారా?"

"కడగనా మరి? విషం కదండీ."

"తుడుచుకోరా?"

"గాలికే ఆరిపోతాయండీ."

డాక్టరమ్మ ఆమె తడి వేళ్ళ వైపు చూసింది. "పుప్పొడికి నీళ్ళు తగిలితే ఉబ్బి పగిలిపోతుందమ్మా. తప్పు మీదొక్కరిదే కాదు. నేను మట్టి చూశాను, వెలుతురు చూశాను, చేతులు చూడలేదు."

ఆ మాట ఎంత మెత్తగా అన్నా చేతులమ్మకు గట్టిగానే తగిలింది. తన బిడ్డను కాచుకోవడానికి నేర్చిన అలవాటే, ఏ తల్లి బిడ్డకో అందాల్సినదాన్ని కడిగి పారబోసింది. మర్నాడు ఇంటినుంచి తువ్వాలు తెచ్చి కుళాయి పక్క మేకుకు తగిలించింది.

ఈ ఏడు కూడా తాలైతే షెడ్డు పీకేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. వయసు నిండి చేతులమ్మ కొలువుకూ ఇదే ఆఖరి రోజు. తొలి కాయ విప్పేదీ ఈ రోజే.

మధ్యాహ్నం డాక్టరమ్మ తెల్ల పళ్ళెం పట్టుకుని వచ్చింది. వేలెడు కాయ, ఎండి కాగితంలా గలగలలాడుతోంది. "మీరే విప్పండమ్మా."

చేతులమ్మ కడుక్కుంది. తుడుచుకుంది. గోటితో నొక్కగానే కాయ మూడు చెక్కలుగా విచ్చింది. మొదటి గదిలో ఎర్రటి గింజలు, పలువరసలా. రెండో గది నిండా. మూడో గది నిండా.

"కడుపు నిండా కనిందమ్మా తల్లి," అన్నాడు తోటమాలి, పార వదిలేసి వచ్చి.

ఇంకో కాయ విప్పారు, ఇంకోటి. అన్నీ అంతే. డాక్టరమ్మ బోర్లించిన కుండీ మీద చతికిలబడి, నవ్వు ఆగక కళ్ళు తుడుచుకుంటూ పైవాళ్ళకు ఫోను చేసింది. "షెడ్డు జోలికి రాకండి. గింజ పట్టింది."

"ఇది మందవుతుందాండీ?" అంది చేతులమ్మ.

"ఏమోనమ్మా. చెడ్డ కణాన్ని ఆపి మంచిదాన్ని వదిలేలా దీన్ని మచ్చిక చెయ్యాలి. ఏళ్ళు పడుతుంది. అసలు కాకపోవచ్చు కూడా. కానీ గింజే లేకపోతే అడగడానికి ప్రశ్నే ఉండేది కాదు."

చేతులమ్మ పళ్ళెం అందుకుని, ఊరేగింపులో దీపం పట్టినట్టు పట్టుకుని, ఎదుటి మేడ దాకా తనే మోసింది. దారిలో ఎదురైనవాళ్ళందరికీ అడక్కుండానే చూపించింది.

సాయంత్రం కూతురు వచ్చింది, చంకలో పిల్లతో. వల బయటే నిలబడింది. "నా చిన్నప్పుడు కడిగి కడిగి తోలు లేపేశావు. ఇప్పుడు దీని వంతా?"

"నీ నోరు కడగడం మర్చిపోయాను, అదే పొరపాటు."

చేతులమ్మ మరోసారి కడుక్కుని, వేలు వేలూ ఒత్తుకుని, మనవరాల్ని అందుకుంది. పిల్ల ఆమె చూపుడువేలు పట్టి తిన్నగా నోట్లో పెట్టుకుంది. చేతులమ్మ లాక్కోలేదు.

కూతురు అది చూసింది. "నన్నెప్పుడూ పెట్టుకోనివ్వలేదు," అంది నెమ్మదిగా.

"అప్పుడు నాకు భయమే తెలుసే. అది చాలనుకున్నాను."

తోటమాలి గేటు దాకా వచ్చాడు. "రేపట్నుంచి పెళ్ళిపెద్ద ఎవరమ్మా?"

"నువ్వే అన్నా. గడ్డం గీసుకోకపోయినా పర్లేదు. చేతులు తుడుచుకో."

ముగ్గురూ మలుపు తిరిగారు. పిల్ల నోట్లో ఆ వేలు అలాగే ఉంది.

కుళాయి పక్క మేకుకు తువ్వాలు వేలాడుతోంది, అంచుల్లో కడిగినా పోని పుప్పొడి పసుపు, నడుమ ఆమె చివరిసారి ఒత్తుకున్న తడి, గాలికి మెల్లగా ఆరుతూ.